ఎవరు దయ్యమవుతారు, ఎవరు దేవత అవుతారు

(కడపలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

దయ్యాల గురించి అనగానే హాలు నిండిపోయింది. ఇదే హాల్లో ఛందస్సు మీద మాట్లాడిన రోజు ముందు వరుస కుర్చీలు కూడా ఖాళీగానే ఉన్నాయి. కాబట్టి ముందుగా దయ్యాలకే థ్యాంక్స్ చెప్పుకోవాలి. (నవ్వులు)

దయ్యాలు ఉన్నాయా, లేవా అని మాత్రం అడగొద్దు. లేవు. నా వరకు ఆ చర్చ అక్కడితో సరి. కానీ లేని దయ్యానికి కూడా మన పల్లెల్లో ఒక చెట్టు ఉంటుంది, తిరిగే వేళ ఒకటి ఉంటుంది, "అది ఫలానా వాళ్ళింటి మనిషేలే" అని గొంతు తగ్గించి చెప్పే అవ్వ ఒకామె ఉంటుంది. నాకు ఆ అవ్వ చెప్పే మాట ముఖ్యం. చచ్చినవాళ్ళందరూ దయ్యాలు కారు గదా. మరి ఎవరవుతారు? ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్లో నంద్యాల, అన్నమయ్య, శ్రీ సత్యసాయి అని కొత్త జిల్లాలు వచ్చాయి. మన దయ్యాలింకా పాత కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోనే ఉన్నాయి కాబట్టి నేనూ పాత పేర్లతోనే పోతాను.

ఊళ్ళో ఒక ముసలాయన ఉన్నాడనుకోండి. ఎనభై ఏళ్ళు బతికాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు, మంచంలో పడి నాలుగు రోజులకు పోయాడు. ఆయన దయ్యం కాడు. పెద్దలకు పెట్టుకునే రోజు ఆయన పేరు మీద కొత్త పంచె పెడతారు, వడలు చేస్తారు, ఆయన తాగే అలవాటున్నవాడైతే ఒక గ్లాసు అది కూడా పెడతారు. ఆయనకు లెక్క తీరిపోయింది. అదే కాన్పులో పోయిన తల్లి, పెళ్ళి కుదిరాక పోయిన పిల్ల, బావిలో దూకిన కోడలు, ఉరేసుకున్న రైతు, పాత కక్షల్లో నరికేసిన మనిషి... వీళ్ళకు లెక్క తీరలేదు. ఊరు వీళ్ళను మర్చిపోలేదు, అట్లాగని గుర్తు పెట్టుకునే పద్ధతి కూడా ఏమీ పెట్టలేదు. నేను గమనించినంత వరకు సీమ పల్లెల్లో దయ్యమయ్యేది వీళ్ళే.

మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు ఈ మాట తెలిసే ఉంటుంది: "నడిపొద్దు పూట బాయి కాడికి పోవాకు." సినిమాల్లో దయ్యం అర్ధరాత్రే వస్తుంది. మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా దాని వేళే. రోహిణి కార్తెలో పన్నెండింటికి చేను గట్టున నిలబడి చూడండి. మనిషి నీడ కాళ్ళ కిందికి వచ్చేస్తుంది, కాకి కూడా అరవదు, దూరంగా బీడు మీద గాలి నీళ్ళలాగా కదులుతుంది. ఆ ఎండలో తిరిగొచ్చిన పిల్లవాడు సాయంత్రానికి జ్వరంతో పడిపోయి, ఏదేదో కలవరిస్తే "గాలి సోకినాది" అంటారు. ఇప్పుడు మనం వడదెబ్బ అంటాం. రాత్రి దయ్యం ఎక్కడైనా ఉంటుంది గానీ, మధ్యాహ్నపు దయ్యం కావాలంటే ఇట్లాంటి ఎండ ఉండాలి, ఇట్లాంటి నేల ఉండాలి.

బావి సంగతి వేరు. బావి దగ్గర నిజంగానే ఎవరో చచ్చిపోయి ఉంటారు. వెనకటి కాలంలో కపిల తోలిన బావులు, అంటే ఎద్దులతో నీళ్ళు తోడిన బావులు, మీరు చూసుండరు. నలుచదరంగా, లోతుగా, ఒక పక్కన మెట్లతో ఉంటాయి. ఆడమనిషి ఇంట్లోంచి ఏ కారణమూ చెప్పకుండా బయటికి పోగలిగిన చోటు అదొక్కటే. నీళ్ళకని, బట్టలకని పోతుంది. ఏడుపొస్తే ఏడ్చేదీ అక్కడే. తట్టుకోలేని రోజు దూకేదీ అక్కడే. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. ఎందుకు దూకిందని ఎవరూ గట్టిగా అడగరు. పంచాయితీ జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు. కొన్నాళ్ళకు ఆ బావిలో మధ్యాహ్నం గాజుల చప్పుడు వినిపిస్తుందని ఎవరో అంటారు. ఇంకొకరు తడి చీరతో నిలబడి ఉండగా చూశామంటారు. అడగాల్సిన ప్రశ్న అడగకుండా వదిలేస్తే అది గాజుల చప్పుడై తిరిగొచ్చింది. నాకు అర్థమైనంతలో ఆ దయ్యం అదే.

ఇప్పుడు అనంతపురానికి పోదాం. ఊరికి ఆనుకునే బుక్కరాయసముద్రం చెరువుంది, బుక్కరాయల కాలంలో కట్టింది. ఒకసారి పెద్ద వాన కొట్టి కట్ట తెగబోతే, బసిరెడ్డి అనే పెద్దమనిషి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే నిలుస్తుందని ఊరి దేవత పలికిందట. ఆ అమ్మాయి అత్తామామలకు దండం పెట్టి, బిడ్డను అప్పగించి, గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. పేరు ముసలమ్మ గానీ వయసులో ఉన్న పిల్లే. బ్రౌన్ దొర అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంది. దాన్ని పట్టుకునే కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే కావ్యం రాశాడు. ముసలమ్మకు చెరువు కట్ట మీద గుడి ఉంది, పూజలున్నాయి.

ఆమె కూడా నీళ్ళలో పోయిన కోడలే! బావిలో దూకిన కోడలు దయ్యమైంది, చెరువు గండిలోకి నడిచిన కోడలు దేవత అయింది. తేడా ఏమిటి? ముసలమ్మ చావు ఊరికి పనికొచ్చింది. ఆమెను తలుచుకోవడం ఆ ఇంటికి పరువు. బావిలో దూకినామెను తలుచుకుంటే అత్తగారింటికి తలవంపులు. అందుకే ఒకరికి గుడి, ఇంకొకరికి పాడుబడ్డ బావి.

"ఇష్టపడే పోయింది" అంటారు ముసలమ్మ గురించి. కథ చెప్పేవాళ్ళందరూ ఈ మాట మరీ ఒత్తి చెబుతారు. అంత ఒత్తి చెప్పాల్సి వచ్చిందంటేనే నాకు అనుమానం. ఊరంతా కట్ట మీద నిలబడి నీ వైపే చూస్తుంటే, నీ మామే పెద్దమనిషైతే, కాదనే అవకాశం ఎంత ఉంటుంది?

ఇక్కడే మన కడప జిల్లా పోరుమామిళ్ళ గుర్తొస్తుంది. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. గట్టి నేల ఉండాలి, తీపి నీళ్ళ ఏరు ఉండాలి, రాయి దొరికే చోటు దగ్గర్లో ఉండాలి, పని తెలిసిన మనుషులు ఉండాలి, ఇట్లా సాగుతుంది. ఆ పన్నెండింటిలో కోడలు లేదు. (నవ్వులు) ఇంజనీరింగ్ తెలిసినవాళ్ళు బలి అడగలేదు. మరి కట్టలు తెగిన ప్రతి చోటా బలి కథ ఎట్లా పుట్టిందో మీరే ఆలోచించండి.

కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఐదెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. భర్త చనిపోతే తిమ్మమ్మ 1434లో ఆయనతో పాటు చితి ఎక్కిందనీ, ఆ చితికి నాటిన గుంజే చిగురించి ఈ మాను అయిందనీ కథ. పిల్లలు లేనివాళ్ళు వెళ్ళి మొక్కుకుంటారు. మామూలుగా మర్రిచెట్టు అంటే మనకేమిటి? దయ్యాల కాపురం. ఊడలు జడల్లాగా వేలాడుతుంటాయి, సందె వేళ దాని కిందికి పోవద్దంటారు. అక్కడ మాత్రం పసుపు కుంకుమలతో పోతారు. చింతచెట్టు కూడా అంతే. ఊరి బయటి చింతచెట్టుకు ముని ఉంటాడంటారు. బనగానపల్లెలో వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం తాటాకులను పాతిపెట్టి, పైన నాటాడని చెప్పే చింతమానుకేమో దండం పెడతారు. చెట్టులో ఏమీ లేదు. దాని కింద ఎవరున్నారని ఊరు అనుకుంటుందో దాన్ని బట్టి ఉంటుంది.

ముని అన్నాను కాబట్టి ఒక ముక్క. ముని అంటే తపస్సు చేసుకునే ఋషి అనుకునేరు. పొడుగ్గా, తెల్లగా, చెట్టంత ఎత్తు ఉంటాడని చెబుతారు. ఆయన నడిచే దారికి అడ్డంగా పడుకుంటే మనిషి లేవడట. చెట్టు కింద ఒక రాయి పాతి సున్నం కొట్టి, టెంకాయ కొడతారు. కొన్ని చోట్ల చుట్టా, సారా కూడా పెడతారు. భయపెట్టే మగ దయ్యానికి ఇంత మర్యాద దొరుకుతుంది. బావి దగ్గర ఆడమనిషికి ఒక రాయి కూడా పాతరు.

కొరివి దయ్యం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రాత్రి దూరంగా ఒక మంట నడిచిపోతూ ఉంటుంది, దగ్గరికి పోతే ఉండదు. బురద నేలల్లో గ్యాస్ మండుతుందని పుస్తకాల్లో చదివుంటారు. అనంతపురంలో సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన, అంత బురద మనకెక్కడిది? అది చేనికి కాపలా పోయే మనిషి చేతిలో లాంతరో, బీడీ నిప్పో అయ్యుంటుందని నేననుకుంటాను. మోటార్లకు కరెంటు రాత్రిపూట ఇచ్చిన కాలంలో రైతులు టార్చిలైటు పట్టుకుని ఒంటరిగా చేలల్లో నడిచారు. పాము కరిచి, షాక్ కొట్టి కొందరు తిరిగి రాలేదు. ఆ చీకట్లో వాళ్ళకు కొరివి దయ్యాన్ని గురించి భయపడే తీరిక కూడా ఉండి ఉండదు.

ఇప్పుడు మన కడపకే ప్రత్యేకమైన ఒక భయం చెబుతాను. ఇందులో దయ్యం లేదు, ఒక తోరణం ఉంది. వేంపల్లె దగ్గర గండి తెలుసు కదా, పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు, ఆంజనేయస్వామి గుడి. రాముడు లంక నుంచి తిరిగొస్తున్నప్పుడు వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ మధ్య బంగారు తోరణం కట్టాడట. అది ఇప్పటికీ ఉందట గానీ అందరికీ కనబడదు. చావు దగ్గర పడిన పుణ్యాత్ములకే కనబడుతుంది. థామస్ మన్రో తెలుసు మీకు. 1800 నుంచి 1807 దాకా ఈ దత్తమండలాలకు, అంటే మన సీమ వైపుకు, కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. ఆయన ఒకసారి గండి మీదుగా పోతూ, "ఆ కొండల మధ్య బంగారు తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట. పక్కనున్నవాళ్ళకు ఏమీ కనబడలేదు. ముసలివాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయాడు. చావు మాత్రం చరిత్ర. తోరణం కథ.

ఈ కథ నాకెందుకు ఇష్టమంటే, గవర్నరంతటి మనిషి రెండు మూడు వాంతులతో పోతే దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో ఊళ్ళకు తెలియలేదు. తోరణం చూశాడు కాబట్టి పోయాడు అంటే ఆ చావుకు ఒక మర్యాద వస్తుంది. మామూలు రైతు అదే కలరాతో పోతే తోరణం లేదు. మారెమ్మ ఎత్తుకుపోయిందన్నారు. మారెమ్మ, సుంకులమ్మ, పెద్దమ్మ... సీమలో ఏ ఊరికి పోయినా పొలిమేరలో ఈ అమ్మలుంటారు. రోగమూ ఆమే, మందూ ఆమే. వాకిట్లో వేపమండ కట్టి, ఒంటి మీద పొక్కులను కూడా "అమ్మ పోసింది" అని మర్యాదగా అంటారు. తిట్టడానికి భయం.

జాతర రాత్రి పొలి చల్లడం మీలో ఎవరైనా చూశారా? బలి ఇచ్చిన జంతువు నెత్తురు అన్నంలో కలిపి గంపకెత్తుకుని, ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పరిగెత్తుతారు. వెనక కత్తులు, కర్రలు, దివిటీలు. ఒకడు "పొలి!" అని అరిస్తే మిగతావాళ్ళందరూ అందుకుంటారు. పక్క ఊరివాడు ఆ మెతుకులు గుప్పెడు ఎత్తుకుపోతే మన ఊరి మేలంతా వాడి ఊరికి పోతుందని భయం. అందుకే అంత కాపలా. ఎదురుపడ్డ మనిషి ఖాయంగా చచ్చిపోతాడని చెప్పి ఇళ్ళల్లో తలుపులేసుకునేవారు. చిన్నపిల్లలకు ఆ కేక వింటే రాత్రంతా నిద్ర పట్టదు. నా వరకు చెప్పాలంటే, నేను విన్న ఏ దయ్యం కథా ఆ కేకంత భయపెట్టలేదు. దయ్యాలకూ రోగాలకూ ఊరి బయటే తిండి పెట్టి, లోపలికి రావద్దని చెప్పుకునే ఒప్పందం అది. చంపేస్తామని ఎవరూ అనరు. నీ వాటా నువ్వు తీసుకో, మా జోలికి రాకు అంటారు.

ఇదే ఒప్పందం ఇంకా పెద్దగా చూడాలంటే దేవరగట్టు. కర్నూలు జిల్లా హొళగుంద మండలం. కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి. మణి, మల్లాసురుడు అని ఇద్దరు రాక్షసులు మునులను హింసిస్తుంటే శివుడు భైరవ రూపంలో వచ్చి చంపాడని స్థల కథ. చచ్చేముందు వాళ్ళొక కోరిక కోరారు. ఏటా తమకు పిడికెడు మనిషి నెత్తురు కావాలన్నారు. దేవుడు సరేనన్నాడు. అందుకే విజయదశమి రాత్రి స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవ మూర్తులను కిందికి దించేటప్పుడు ఊళ్ళ మధ్య కర్రల సమరం. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒక పక్క, చుట్టుపక్కల మిగతా ఊళ్ళు ఇంకో పక్క. దివిటీల వెలుగులో ఇనుప చుట్లు వేసిన కర్రలు పైకి లేస్తాయి. దారిలో రక్షపడి అనే చోట ఒక వంశం మనిషి తొడ దగ్గర గాటు పెట్టుకుని ఆ పిడికెడు నెత్తురు రాక్షసుల వాటాగా వదులుతాడు. ఆ తర్వాత పూజారి కార్ణికం చెబుతాడు. వానలెట్లా ఉంటాయి, పంటలెట్లా ఉంటాయి, ధరలెట్లా ఉంటాయి అని.

మన పురాణాల్లో రాక్షసుడు చస్తే కథ అయిపోతుంది. అహోబిలంలో హిరణ్యకశిపుడు చచ్చాడు, అయిపోయింది. దేవరగట్టులో చచ్చిన రాక్షసుడికి ఏటేటా బాకీ కట్టాలి. ఓడినవాడి మాట కూడా నిలబెట్టిన దేవుడు ఆ కొండ మీద ఉన్నాడని నాకు కొంత ఇష్టం. కానీ ఆ ఇష్టంతో అంతా మరిచిపోలేను. ఒప్పందం పిడికెడుకే. తలలు పగిలి, చేతులు విరిగి ఆసుపత్రి పాలయ్యేది ఎందరో. పోలీసులు వందల మంది దిగుతారు, డ్రోన్లు ఎగరేస్తారు, ముందు నెల నుంచే ఊళ్ళల్లో తిరిగి నచ్చజెబుతారు. అయినా టీవీలో మళ్ళీ అవే దృశ్యాలు. గాయానికి బండారు, అంటే గుడి పసుపు, రాసుకుంటే మానిపోతుందని చెప్పే మనిషిని నేను నమ్మను. కుట్లు వేయించుకోవాలి.

అక్కడికి వచ్చే గొరవయ్యలను, అంటే ఆ స్వామి భక్తులను, చూడండి ఎప్పుడైనా. నల్ల గొంగడి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతిలో డమరుకం. చిన్నపిల్లలు బెదిరిపోయి అమ్మ కొంగు పట్టుకుంటారు. ఆయనేమో తలకాయ ఆడిస్తూ నవ్వుతాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుతో చేసే బొమ్మల్లోనూ రావణుడు మనిషంత ఎత్తుంటాడు, గుడ్లు ఇంతింత. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రాక్షసుడు తెర మీదికొచ్చి గర్జించగానే వెనకే కేతిగాడు వచ్చి ఏదో ఒక బూతు మాట అంటాడు, జనమంతా నవ్వుతారు. రాక్షసుడిని చూసి నవ్వొచ్చు, ఎందుకంటే వాడు మన ఊరివాడు కాదు. దయ్యాన్ని చూసి ఎవరూ నవ్వరు. అది పక్కింటి మనిషి.

దయ్యం పట్టడం గురించి చెప్పకుండా పోలేను. నేను అనంతపురం వైపు ఒక పల్లెలో పంతులుగా చేసేటప్పుడు, మా వీధిలో ఒక ఇంటి కోడలికి దయ్యం పట్టిందన్నారు. పెళ్ళై ఏడాది కాలేదు. మామ ఎదురుగా ఉంటే అరుగు మీద కూడా కూర్చోని పిల్ల, జుట్టు విరబోసుకుని నడింట్లో మంచం మీద కూర్చుంది. అత్తను పేరు పెట్టి పిలిచింది. మంత్రించే ఆయన వేపమండ పట్టుకుని అడిగాడు.

"ఎవురే నువ్వు?"

"ఆ బాయిలో పడినదాన్ని."

"ఏం కావల్ల నీకు?"

"చీర కావల్ల. కడుపు నిండా కూడు కావల్ల. మా యమ్మగారింటికి పంపీండి."

చుట్టూ ఉన్నవాళ్ళు భయంతో వింటున్నారు. నేను ఆ మాటలు విని ఆగిపోయాను. చీర, కూడు, పుట్టిల్లు. దయ్యానికి పుట్టింటితో ఏం పని? ఆ పిల్ల తన నోటితో అడిగితే చెంప మీద కొట్టి ఉండేవాళ్ళు. చచ్చినామె పేరుతో అడిగింది కాబట్టి ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని విన్నారు. చీర తెచ్చారు. పుట్టింటికి పంపారు కూడా. ఆ పిల్ల నాటకమాడిందని నేననడం లేదు. మనసు తట్టుకోలేనప్పుడు మనిషి తన అదుపు తప్పి ఇంకొకరిగా మాట్లాడటం ఉందని మానసిక వైద్యులు చెబుతారు, దానికి చికిత్స కూడా ఉంది.

చీరతో ఆగితే బాగుండేది. అంతకుముందు ఆ పిల్ల ముఖానికి మిరపకాయల పొగ పెట్టారు. వేపమండతో వీపు మీద కొట్టారు. దెబ్బలు దయ్యానికే తగులుతాయట, మనిషికి తగలవట. మరుసటి రోజు ఆ పిల్ల ఒంటి మీద వాతలు నేను చూశాను. దయ్యం మీద మాత్రం ఏ వాతా లేదు. మీ ఊళ్ళో ఇట్లాంటిది జరుగుతుంటే జానపద సంస్కృతి అని ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడొద్దు. ఆసుపత్రికి తీసుకుపోండి.

తొంభైల్లో మన ఊళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దతోనో, బొగ్గుతోనో రాసేవారు. రాత్రి ఆడ దయ్యం వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట, తలుపు తీస్తే అంతే. రాసింది చదువుకుని వెనక్కి పోతుంది, మళ్ళీ రేపు వస్తుంది, మళ్ళీ చదువుతుంది. దయ్యానికి చదువొచ్చని నమ్మిన ఇళ్ళల్లో ఆడపిల్లలను బడి మాన్పించిన వాళ్ళున్నారు. (నవ్వులు) నవ్వండి గానీ, నేను జోకు చెప్పలేదు.

ఆ తర్వాతది నవ్వే విషయం కాదు. 2018 వేసవిలో పార్థీ గ్యాంగ్ అని వాట్సాప్‌లో పుకారు. పిల్లలను ఎత్తుకుపోతారని, అవయవాలు తీసుకుంటారని ఎక్కడివో ఫొటోలు తిరిగాయి. తెలుగు రాష్ట్రాల్లో కొత్తగా కనిపించినవాళ్ళను, బిచ్చమెత్తుకునేవాళ్ళను, మతి స్థిమితం లేనివాళ్ళను పట్టుకుని కొట్టారు. పిల్లలు అన్నం తినకపోతే జోలె వేసుకున్నవాడు ఎత్తుకుపోతాడని మనం ఎన్ని తరాలుగా బెదిరించాం? అదే బూచోడు. పెద్దవాళ్ళ చేతికి ఫోన్ వచ్చేసరికి వాడికి మొహం దొరికింది, ఊరి బస్టాండులో నిలబడ్డ మనిషి మొహం. మర్రిచెట్టు దయ్యం ఎవరినీ చంపినట్టు నాకు రుజువు లేదు. ఈ భయం మాత్రం మనుషులను చంపింది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

*(రాత్రి చింతచెట్టు బొగ్గుపులుసు వాయువు వదులుతుంది కాబట్టే పెద్దలు దయ్యం పేరుతో జాగ్రత్త చెప్పారని అంటారు కదా సార్, అని ఒక విద్యార్థి.)*

ఈ మాట నాకు ప్రతి చోటా ఎదురవుతుంది. చెట్టు రాత్రి ఆ వాయువు వదిలే మాట నిజమే. కానీ ఆరుబయట, గాలి ఆడే చోట, చెట్టు వదిలే ఆ కొంచెంతో ఎవరూ చావరు. అట్లా అయితే అడవిలో జింకలన్నీ తెల్లారేసరికి చచ్చి పడి ఉండాలి. మన పెద్దలు చెప్పిన ప్రతి మాట వెనకా సైన్సు ఉండాలని పట్టుబట్టడం వాళ్ళకు గౌరవం కాదు. చెట్టు కింద పాములుంటాయి, తేళ్ళుంటాయి, కొమ్మలు విరిగి పడతాయి, ఆ మేరకు ఒప్పుకుంటాను. చింతచెట్టును దయ్యానికి ఇచ్చింది దాని దట్టమైన చీకటి, ఊరి బయట అది ఉండే చోటు.

*(ఆడ దయ్యాలే ఎందుకు ఎక్కువ, అని ఒక విద్యార్థిని.)*

కొంత జవాబు ఇందాకే చెప్పాను. ఇంకొకటి ఉంది. కొట్లాటలో చచ్చిన మగవాడికి రాయి పాతే ఆచారం మనకు చాలా పాతది. ఆవుల మందను దొంగల నుంచి కాపాడుతూ చచ్చినవాళ్ళ వీరగల్లులు అనంతపురం చుట్టుపక్కల ఇప్పటికీ పొలాల్లో నిలబడి ఉన్నాయి. వాడి చేతిలో కత్తి, పక్కన ఆవులు. వాడు వీరుడయ్యాడు. ఆడమనిషికి రాయి కావాలంటే మొగుడితో పాటు కాలాలి, పేరంటాలు అనిపించుకోవాలి. కాన్పులో పోయిన తల్లి కూడా ఒకరకంగా యుద్ధంలో పోయిందే కదమ్మా. ఆమెకు రాయి పాతిన ఊరిని నేను చూడలేదు. మీలో ఎవరైనా చూస్తే నాకు చెప్పండి, వచ్చి చూస్తాను.

*(మా ఊరి దయ్యాల కథలు రాయాలంటే ఎట్లా రాయాలి సార్, అని ఇంకొకరు.)*

మీ అవ్వను అడుగు. దయ్యం ఎట్లా ఉంటుందని అడక్కు, తెల్ల చీర, వెనక్కి తిరిగిన కాళ్ళు అనే చెబుతుంది, అది అన్ని ఊళ్ళల్లో ఒకటే. ఎవరు, ఎప్పుడు, ఎట్లా పోయిందని అడుగు. ఒకసారి అడిగితే చెప్పదు. వేరుశనక్కాయలు ఒలుస్తున్నప్పుడు పక్కన కూర్చుని నువ్వూ ఒలువు. ఆమె మాటను ఆమె యాసలోనే రాసుకో, పుస్తకాల భాషలోకి మార్చకు. రాసుకున్నదాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు మాత్రం ఊరి పేరు, ఇంటి పేరు తీసెయ్. ఆ బావిలో పడినామె పిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉండొచ్చు.

*(దేవరగట్టుకు ఎట్లా పోవాలి సార్, ఈసారి దసరాకు పోతాం, అని వెనక వరుస నుంచి.)*

ఆలూరు దాకా పోతే అక్కడి నుంచి దగ్గరే, ఎవరినడిగినా చెబుతారు. దసరా రాత్రి మాత్రం వద్దు. మీ అమ్మానాన్నలు నాకు ఫోన్ చేస్తే నేను సమాధానం చెప్పలేను. మామూలు రోజు పొద్దున్నే పోండి, కొండెక్కి గుడి చూడండి, కింద రక్షపడి ఎక్కడో ఊరివాళ్ళనడిగి చూడండి. నీళ్ళ సీసా, టోపీ తీసుకుపోండి. మధ్యాహ్నం పన్నెండు లోపు దిగి వచ్చేయండి, ఎందుకో ఇందాకే చెప్పాను. (నవ్వులు, చప్పట్లు)